ఇల్లు అమ్మబడును: ‘తాళంచెవి’ వ్యాఖ్యా సహితం

అవతారిక

వ్యాఖ్యాతల్లో పెద్దవాడు కొలిచెలమ మల్లినాథసూరి. మెదకు సీమవాడు. కాళిదాసు కవిత్వం చెడ్డ వ్యాఖ్యానాల విషం ఎక్కి మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే సంజీవని రాస్తున్నాననీ చెప్పుకున్నాడు. పాఠకుడికి రెండు మాటలిచ్చాడు కూడా. ఆధారం లేనిది రాయడట, అక్కరలేనిది చెప్పడట. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది నావల్ల కాదు. ఇల్లు అమ్మకానికి పెట్టి కూర్చున్నవాడికి తీరిక తప్ప వేరే ఆస్తి ఉండదు. ఆ ఉన్న ఆస్తిని కూడా అనుభవించవద్దంటే ఎలా?

ఈ వ్యాఖ్యకు ‘తాళంచెవి’ అని పేరు పెట్టాను. మా ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గరుంది, ఒకటి మధ్యవర్తి దగ్గరుంది, ఒకటి ఎదురింటి పిన్నిగారి దగ్గరుంది. ఇల్లు చూడ్డానికి ఎవరైనా వచ్చినప్పుడు మూడింట్లో ఒక్కటీ సమయానికి దొరకదు. మంచి వ్యాఖ్య లక్షణం కూడా ఇంచుమించు ఇదే.

మూలగ్రంథ కర్త మా మధ్యవర్తి. నా దగ్గర చదువుకోలేదు గానీ నన్ను మాస్టారూ అంటాడు. ఆయన దీన్ని ఒక రాత్రి వాట్సాప్‌లో ప్రకటించాడు. తెల్లారేసరికి అది ఊరూరా తిరిగి మా వియ్యంకుడి ఫోనులో తేలింది. ఆయన దాన్ని నాకే పంపించి, ‘బావగారూ, మీ వీధిలోనే ఏదో పాతకొంప చవగ్గా వస్తున్నట్టుంది, ఓ కన్నేసి ఉంచండి’ అన్నారు.

మూలం

తెనాలి నడిబొడ్డున 242 గజాల తూర్పు ఫేసింగ్ సొంత ఇల్లు అమ్మబడును. నూరు శాతం వాస్తు. క్లియర్ టైటిల్. ప్రస్తుతం మార్కెట్ లేనందున అరుదైన అవకాశం. రేటు కూర్చుని మాట్లాడుకోవచ్చు. సీరియస్ పార్టీలు మాత్రమే. మధ్యవర్తులకు ప్రవేశం లేదు.

తాత్పర్యం

ఇల్లు అమ్ముడుపోలేదు. (తాత్పర్యం చివర చెప్పడం ఆచారం. తొందర పనులున్నవాళ్ళు ఇక్కడితో లేచి వెళ్ళవచ్చునని ముందే చెప్పేశాను.)

వ్యాఖ్య

తెనాలి నడిబొడ్డున: సుగమం. నడిబొడ్డు అనేది అమ్మేవాడు ఎక్కడుంటే అక్కడ ఉండే ప్రదేశం.

242 గజాల: సెంటుకు 48.4 గజాలు. మా నాన్నగారు 1974లో కొన్నది అయిదు సెంట్లు. కొన్నప్పుడు సెంట్లయినవి అమ్మేటప్పుడు గజాలవుతాయి. అంకె పెద్దదవుతుంది, నేల అంతే ఉంటుంది. శేషం స్పష్టం.

అమ్మబడును: ఇక్కడ కాస్త ఆగాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం అచ్చయిన 1858 నుంచి ఇప్పటిదాకా ఇంతకంటే తగిన ప్రయోగం ఆ గ్రంథానికి దొరికి ఉండదు. తెలుగు క్రియకు భూతం, వర్తమానం, భవిష్యత్తు అని మూడు కాలాలే అనుకుంటారు ఇంగ్లీషు బడిలో చదివినవాళ్ళు. తద్ధర్మమని నాలుగోది ఉంది. నిప్పు కాల్చును. కాకి అరచును. నిన్న కాల్చిందా, రేపు అరుస్తుందా అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. అది ఆ వస్తువు స్వభావం, అంతే. ‘అమ్మబడును’ ఆ కోవలోని మాట. ఇల్లు అమ్ముడుపోతుందని మధ్యవర్తి ఎక్కడా హామీ ఇవ్వలేదు. అమ్మబడడం దాని స్వభావమని మాత్రమే సెలవిచ్చాడు. నిప్పుకు కాల్చడం ఎలాగో, మా ఇంటికి అమ్మకానికి ఉండడం అలాగ. కట్టె లేకపోయినా నిప్పు నిప్పే. కొనేవాడు లేకపోయినా మా ఇల్లు అమ్మబడుతూనే ఉంటుంది.

మరి కర్త ఎవరు? కర్మణి ప్రయోగంలో కర్త చాటుకు పోవచ్చు. ఇక్కడ చాటుకు పోయినవాళ్ళం ముగ్గురం, నేనూ నా ఇద్దరు చెల్లెళ్ళూ. మాలో ఎవరం ముందు ‘అమ్ముదాం’ అన్నామో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నా ఒప్పుకోం. ఆ విధంగా ‘బడు’ ధాతువు మా కుటుంబ మర్యాద కాపాడింది.

తూర్పు ఫేసింగ్, నూరు శాతం వాస్తు: ఈ రెండింటినీ కలిపి వ్యాఖ్యానించాలి, ఎందుకంటే వచ్చినవాళ్ళు కలిపే కాదంటారు.

ఒక ఆదివారం ఒకాయనా, ఆయన భార్యా, ఆమె తమ్ముడూ వచ్చారు. ఆయన హాల్లో నిలబడి ఫోన్లో మాట్లాడుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, నల్లరాతి గట్టు మీద వేలుతో గీసి, ఆ వేలు చూసుకుంది. తమ్ముడు గుమ్మం దాటలేదు. సెల్‌ఫోను తీసి గడప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కనే గొంతుకూర్చుని, అందులో దిక్సూచి ముల్లు నిలిచేదాకా రెప్ప వెయ్యలేదు. గడప పక్కనే ఇనప గ్రిల్లు ఉంది. ముల్లు దానివైపు మొగ్గింది. ‘బావా, ఆగ్నేయం తిరిగింది’ అని కేకేశాడు. కొంచెం అరుగు చివరికి జరిపి చూడు బాబూ అన్నాను. జరిపాడు. తూర్పు వచ్చింది. అతను తలెత్తి నావైపు జాలిగా చూశాడు.

‘చూశారా అంకుల్, ఇల్లు నిలకడగా లేదు.’

వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు ప్రకరణం ఉంది. మయమతం ఉంది, మానసారం ఉంది, భోజరాజు పేర సమరాంగణ సూత్రధారం ఉంది. వాస్తుపురుషుణ్ణి ఎనభయ్యొక్క గళ్ళలో పడుకోబెట్టి, ఏ గడిలో ఏ దేవత ఉన్నదో చెప్పిన శాస్త్రం అది. ఇల్లు కట్టబోయేవాడికి చెప్పింది. నేల వాసన చూడమంది, రుచి చూడమంది, గొయ్యి తవ్వి ఆ మట్టితోనే తిరిగి పూడ్చి, మట్టి మిగిలితే మంచిది, చాలకపోతే కాదు అంది. అందులో ఇంజనీరింగు ఉంది. కొనబోయేవాడు కట్టి యాభయ్యేళ్ళయిన ఇంటి గుమ్మంలో గొంతుకూర్చుని రేటు తగ్గించడానికి ఆ శాస్త్రాన్ని వాడుకుంటాడని దాన్ని రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

మరొకాయన ఆయం కట్టాడు. ఆయాలు ఎనిమిది: ధ్వజం, ధూమం, సింహం, శ్వానం, వృషభం, ఖరం, గజం, కాకం. బేసివి మంచివి, సరివి చెడ్డవి. పదాన్ని తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే మిగిలేది ఆయం. 242ను తొమ్మిదితో హెచ్చిస్తే 2178. ఎనిమిదితో భాగిస్తే శేషం 2. అంటే ధూమాయం, పొగ. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని నిట్టూర్చాడు.

ఇక్కడ వ్యాఖ్యాతకు ఒక ఆక్షేపణ ఉంది. తొమ్మిదంటే ఎనిమిదీ ఒకటీ. ఏ అంకెనైనా తొమ్మిదితో హెచ్చించి ఎనిమిదితో భాగించినా, హెచ్చించకుండా నేరుగా ఎనిమిదితో భాగించినా శేషం ఒక్కటే వస్తుంది. నమ్మకం లేనివారు తమ ఇంటి కొలతతో చేసి చూసుకోవచ్చు. మరి ఆ హెచ్చవేత దేనికి? ఇరవై మూడేళ్ళ వయసులో నాన్నగారిని ఇదే అడిగాను. ‘ఉత్త 242ను భాగించి పొగ అంటే ఎవడు నమ్ముతాడురా? రెండు వేల దాకా ఎక్కించి దించితేనే నమ్ముతాడు’ అన్నారు. కట్టేముందు మాత్రం ఆయన ఈ ఇంటి ఆయం చూపించలేదు. చూపించి ఉంటే పొగ వచ్చేది, ఇల్లు కట్టేవారు కాదు, ఇప్పుడు నాకీ బెడద ఉండేది కాదు.

ఆ కాగితం పెద్దమనిషే పరిహారం కూడా చెప్పాడు. ఒక్క గజం వీధికి వదిలేస్తే 241 అవుతుంది, శేషం ఒకటి, ధ్వజాయం. దివ్యంగా ఉంటుందట. ఆ వదిలే గజం ధర నా లెక్కలోంచి తగ్గించాలని మాత్రం ఒక చిన్న షరతు.

సొంత ఇల్లు: ‘ఇల్లు’ అన్న మాటను కొనేవాళ్ళెవరూ అంగీకరించరు. వాళ్ళ దృష్టిలో అది స్థలం. స్థలం మీద దురదృష్టవశాత్తూ ఒక కట్టడం ఉంది. ‘కట్టుబడికి ఏం కట్టలేమండీ, ఎలాగూ పడగొట్టేదే. పడగొట్టడానికయ్యే ఖర్చు మీరే చూసుకోవాలి’ అంటారు. ఇంతవరకూ మార్కెట్ న్యాయమే అనుకున్నాను. కానీ అదే మనిషి వెళ్ళిపోతూ వీధి ద్వారబంధాన్ని గోరుతో గీకి, ‘పాత టేకు కదూ. తలుపులూ ద్వారబంధాలూ మీరు తీసుకుపోరు కదా, ఇంటితోపాటే కదా?’ అని అడిగాడు. విలువ లేని ఇంటికి విలువైన ద్వారాలు ఎలా వచ్చాయన్నది తార్కికులు తేల్చాలి.

క్లియర్ టైటిల్: నాన్నగారి స్వార్జితం. వీలునామా రాయలేదు. అమ్మ కూడా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకీ కూతుళ్ళకీ సమానంగా వస్తుంది. అందులో మాకు తగువు లేదు. తగువు లేకపోవడమే కొనేవాళ్ళకు నచ్చదు. ‘ఆడపిల్లలు కూడా సంతకం పెడతారా? తర్వాత ఏమీ అనరు కదా?’ అని గొంతు తగ్గించి అడుగుతారు. పెద్ద చెల్లెలు కూకట్‌పల్లిలో ఉంది, పిలిస్తే వస్తుంది. చిన్నది అమెరికాలో ఉంది. అది కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఆ కాగితం ఇండియాలో దిగిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. దాని వాటా మీద కొనేవాడు కోసి కట్టాల్సిన టీడీఎస్ లెక్క నా వాటా లెక్కలాంటిది కాదు. ఇదంతా చెప్పేసరికి పార్టీ మంచినీళ్ళు అడుగుతాడు.

ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పత్రం) సంగతి చెప్పనే లేదు. మా రాష్ట్రంలో కంప్యూటర్లో ఈసీ 1983 నుంచి వస్తుంది. మా దస్తావేజు 1974 నాటిది. కంప్యూటర్ లెక్కన మా నాన్నగారు ఈ ఇల్లు ఎవరి దగ్గరా కొనలేదు. సృష్ట్యాది నుంచీ ఇందులోనే ఉన్నారు. లింకు డాక్యుమెంటు కావాలంటే రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. టైటిల్ క్లియరే. అది క్లియరని చూపించడమే కష్టం.

మార్కెట్ లేనందున: ఈ శాసనానికి ప్రాణం ఈ పదమే. నిదానంగా వినండి.

లేకపోవడం కూడా ఒక పదార్థమని ఒప్పుకున్న శాస్త్రం మనది. కణాదుడు పదార్థాలు ఆరన్నాడు. తర్వాతివాళ్ళు అభావాన్ని చేర్చి ఏడు చేశారు. ఆ ఏడింటినీ అరచేతిలో పెట్టిచ్చిన పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు తెలుగువాడని పెద్దలు చెబుతారు. కాశీ వెళ్ళిన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సామెత పుట్టేంత పండితుడు. పిల్లలకు సులువుగా అర్థం కావాలని రాశానన్నాడు. రాసి చూసుకుంటే పిల్లలకు అర్థం కాదని తోచిందో ఏమో, దాని మీద దీపిక అని తనే వ్యాఖ్య రాశాడు. ఆ దీపిక వెలుగు చాలక నీలకంఠుడు ప్రకాశిక రాశాడు. ఆ ప్రకాశిక మీద మళ్ళీ వ్యాఖ్యలున్నాయి. సులువైన పుస్తకానికి పట్టే గతి అది. కష్టమైన పుస్తకాల జోలికి ఎవరూ వెళ్ళరు, అవి సుఖంగా ఉంటాయి.

నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. వేసవి సెలవుల్లో మా ముగ్గురినీ ఈ ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టి తర్కసంగ్రహం వల్లె వేయించేవారు. అభావం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు హుషారు పుట్టేది. ఇత్తడి చెంబు అరుగు మీద పెట్టి ‘ఏముంది?’ అనేవారు. చెంబుంది అనేవాళ్ళం. చెంబు తీసి వీపు వెనక దాచి ‘ఇప్పుడు?’ అనేవారు. ఏమీ లేదంటే ఒప్పుకునేవారు కాదు. ‘చెంబు లేకపోవడం ఉంది. అది ఉందని నీకెలా తెలిసింది? చెంబంటే ఏమిటో తెలుసు కాబట్టి. చెంబు తెలియనివాడికి చెంబు లేదని తెలియదు.’ అభావానికి ప్రతియోగి అంటే ఆ చెంబే. చిన్న చెల్లెలికి అప్పుడు ఆరేళ్ళుంటాయి. ‘నాన్నగారూ, చెంబు మీ వెనకాల ఉంది’ అంది. ఆయన చాలాసేపు నవ్వారు. నైయాయికులు అంత కాలం పోట్లాడింది కూడా దాని గురించే. లేదన్న మాటకు ఎక్కడ లేదు, ఎప్పుడు లేదు అన్న హద్దు ఉండి తీరాలి. హద్దు చెప్పకుండా లేదన్నవాణ్ణి వాదంలోంచి లేచిపొమ్మంటారు.

అభావాలు నాలుగు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం. దానికి మొదలు లేదు, తుది ఉంది. వస్తువు పుట్టగానే పోతుంది. పగిలిపోయాక లేకపోవడం ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, తుది లేదు. పగిలిన కుండ మళ్ళీ అదే కుండ కాదు కదా. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాకపోవడం అన్యోన్యాభావం, కుండ గుడ్డ కాదన్నట్టు. శిష్యులకు చెప్పేటప్పుడు నాన్నగారు ప్రాగభావానికి రేపటి కాఫీని, ప్రధ్వంసానికి నిన్నటి కాఫీని ఉదాహరించేవారు. దీపికలో కాఫీ లేదు. అది ఆయన చేర్పు.

ఇంతకీ మనం ఎక్కడున్నాం? మార్కెట్ దగ్గర. మార్కెట్ లేదన్నాడు కదా మధ్యవర్తి. ఏ లేకపోవడం? నేనడిగాను. ఆయన ఒకే కూర్చోడంలో నాలుగూ చెప్పాడు.

‘అమరావతి పనులు ఊపందుకోనివ్వండి మాస్టారూ, అప్పుడొస్తుంది చూడండి మార్కెట్.’ ఇది ప్రాగభావం. 2025 మే 2న పనులు మళ్ళీ ప్రారంభించారు కదా అంటే, ప్రారంభం వేరు, ఊపు వేరు అన్నాడు.

‘2015లో ఉండేదండీ, అబ్బో!’ ఇది ప్రధ్వంసాభావం. నిజమే, అప్పుడుండేది. ఆ అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగిన రోజుల్లో నలభై కిలోమీటర్ల దూరంలోని మా అరుగు మీదికి కూడా అడగకుండానే మనుషులొచ్చారు. రేటు కూడా వాళ్ళే చెప్పారు. అప్పుడు కూడా ఇదే మధ్యవర్తి, ఇదే అరుగు మీద కూర్చుని, ‘ఇప్పుడమ్మకండి పెద్ద మాస్టారూ, ఇంకా పెరుగుతుంది’ అని నాన్నగారికి చెప్పాడు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినబడింది. కుండ పగిలింది. ఆ మర్నాడు ఆయన వచ్చి ‘నేనప్పుడే చెప్పాను’ అన్నాడు. ఏం చెప్పాడో అడిగే ఓపిక నాన్నగారికి అప్పటికి లేదు.

‘అసలు మీ వీధిలో ఎప్పుడుందండీ మార్కెట్? బోసు రోడ్డు వైపు ఉంటుంది గానీ.’ అత్యంతాభావం.

‘మార్కెట్టంటే అపార్ట్‌మెంట్లదండీ. పాత ఇళ్ళది మార్కెట్ అనరు.’ అన్యోన్యాభావం.

అన్నంభట్టుకు ఇలాంటి శిష్యుడు దొరికి ఉండడు. కానీ నా బాధ నాది. లేకపోవడం మొదటి రకమైతే ఆగాలి. ఇంటికి సున్నం వేయించాలి, పంపు బాగు చేయించాలి, ఇంటి పన్ను కడుతూ కూర్చోవాలి. రెండోదైతే ఆగి లాభం లేదు, వచ్చినకాడికి తెగనమ్మాలి. ఏ రకమో చెప్పు నాయనా, సున్నం వేయించాలో వద్దో తేల్చుకుంటానంటే, ‘చూద్దాం మాస్టారూ’ అన్నాడు. పోనీ ప్రతియోగి సంగతి అడిగాను. లేదంటున్నావు కదా, అసలు మార్కెట్టంటే ఏమిటి? కాసేపు ఆలోచించి చెప్పాడు. ‘అదేనండీ. మార్కెట్.’

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. మార్కెట్ లేదు గానీ మార్కెట్ విలువ ఉంది. ప్రభుత్వం దగ్గర రాసి ఉంది. మా వీధికి గజం ఇంత, శ్లాబు కట్టుబడికి అడుగు ఇంత అని లెక్క. 2025 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని సవరించారు కూడా. కొనేవాడు ఆ విలువ మీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం కట్టాలి. వేదాంతులు ఆకాశపుష్పం లేదని ఊరుకున్నారు గానీ దాని వెల ఎవరూ కట్టలేదు. మన ప్రభుత్వం కట్టింది.

అంతటితో అయిపోలేదు. ఆ విలువ కంటే నేను తక్కువకు అమ్మాననుకోండి. తేడా పది శాతంలోపు ఉంటే క్షమిస్తారు. దాటితే, ఆ లేని మార్కెట్ విలువే నా చేతికి వచ్చినట్టు భావించి, రాని డబ్బు మీద నన్ను ఆదాయపు పన్ను కట్టమంటారు. లాభం లెక్క వేయడానికి 2001 ఏప్రిల్ 1న ఈ ఇల్లు ఎంత చేసేదో నిపుణుడి చేత రాయించుకురావచ్చునట. పన్ను రూపాయి విలువ తగ్గుదల చూడకుండా పన్నెండున్నర శాతమా, చూసి ఇరవై శాతమా అన్నది 2024 జూలై 23కి ముందు కొన్నవాళ్ళు ఎంచుకోవచ్చునట. నిపుణుడు వచ్చాడు. టేపు పట్టి కొలిచాడు. పాతికేళ్ళ కిందటి ఒకానొక తేదీన ఈ ఇంటి వెల ఎంతో రూపాయలతో సహా రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. మహా ముచ్చటేసింది. మరి ఇవాళ ఎంత చేస్తుందండీ అని అడిగాను. ‘అది మార్కెట్‌ను బట్టి ఉంటుంది కదండీ’ అన్నాడు.

రేటు కూర్చుని మాట్లాడుకోవచ్చు: కూర్చోవడం ఇక్కడ ముఖ్యార్థం కాదు. నిలబడి కూడా కూర్చోవచ్చు, ఫోన్లో కూడా కూర్చోవచ్చు. ‘మీరెంత అనుకుంటున్నారు?’ అని ఒకరు, ‘మీరెంతలో చూస్తున్నారు?’ అని మరొకరు అడుగుతూ ఉండే స్థితికి కూర్చోవడం అని పేరు.

ఆక్షేపణ: అందరి మీదా పడి ఏడవడం దేనికి, అంకె నువ్వే చెప్పవచ్చు కదా?

సమాధానం: చెప్పాను. ముందు శాసనంలోనే రాయించాను. మధ్యవర్తి దాన్ని తీసేశాడు. ‘అంకె చూస్తే ఒక్కడూ ఫోన్ చెయ్యడు మాస్టారూ’ అన్నాడు. నోటితో చెప్పాను. విన్నవాడు ఎక్కువంటాడేమో, బేరమాడతాడేమో అనుకున్నాను. అతను తలూపి, ‘అది సరే, లాస్ట్ ఎంత?’ అన్నాడు. నేను చెప్పింది మొదటిదని ఒప్పుకుంటేనే కదా, రెండోదో లాస్టుదో ఉండేది. మాట్లాడకుండా ఊరుకుంటే, దాన్ని ఇంకా తగ్గుతాననడంగా తీసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు.

సీరియస్ పార్టీలు మాత్రమే: పార్టీ అంటే కొనేవాడు. ఒక్కడే వచ్చినా పార్టీయే. వచ్చినవాళ్ళంతా సీరియస్‌గానే వస్తారు. నేను ఎవరినీ నవ్వుతూ చూడలేదు. గోడలు తట్టి చూస్తారు. పంపు తిప్పి చూస్తారు. పెరట్లో బావి ఎప్పుడు పూడ్చారు, ఎందుకు పూడ్చారు అని పోలీసుల్లా అడుగుతారు. పక్కింటివాళ్ళు ఎవరు అని అడిగే తీరులో వేరే ప్రశ్న ఒకటుంటుంది. అది అడగరు, అందుకని నేనూ జవాబు చెప్పను. కాఫీ తాగుతారు. లేస్తూ అందరూ ఒకే మాట అంటారు: ‘ఇంట్లో అడిగి చెబుతామండీ.’ భార్య, తల్లి, బావమరిది, అల్లుడు, పురోహితుడు అందరూ పక్కనే నిలబడి ఉండగా అంటారు. ఇంట్లో ఇంకెవరు మిగిలారో నాకు తెలియదు.

వ్యాఖ్యాత గాంభీర్యం ఒక్క నిమిషం పక్కన పెడతాను. ధర తక్కువ అడిగినవాడి మీద నాకు కోపం లేదు. అతను కొనదలచాడు. వాస్తు బాగాలేదన్నవాడి మీదా లేదు, అతను భయపడ్డాడు. వద్దు అన్న రెండక్షరాల మాట అనడానికి ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క మనిషి లేకపోయాడే అన్నది నా కోపం. వారం ఆగి ఫోన్ చేస్తే ఎత్తరు. బజార్లో కనబడితే ‘అదే చూస్తున్నామండీ’ అంటారు. ఆ మాట మీద కూకట్‌పల్లిలో మా చెల్లెలు పిల్లవాడి ఫీజుకు ఈ ఏడాది లోను తీసుకోవాలా వద్దా అని ఎదురు చూస్తోందని వాళ్ళకు తెలియదు. తెలిసినా అంటారనుకుంటాను. మనలో వద్దనడం అమర్యాద. మనిషిని నెలల తరబడి వేలాడదీయడంలో మాత్రం ఏ దోషమూ లేదు.

మధ్యవర్తులకు ప్రవేశం లేదు: ఇది మధ్యవర్తి రాసిన వాక్యమని మరచిపోకండి. స్వవచన వ్యాఘాతం కదా అని తొందరపడేవారికి మీమాంస తెలియదు. నిషేధం రెండు విధాలు. పూర్తిగా కూడదనేది ప్రసజ్యప్రతిషేధం. ఫలానా దాన్ని తప్పించి మిగతా అనేది పర్యుదాసం. ఇక్కడ పర్యుదాసం చెప్పుకోవాలి. తాను తప్ప తక్కిన మధ్యవర్తులకని అర్థం. తన రెండు శాతం అందువల్ల అబాధితం. ఈ సూక్ష్మం తెలియని తక్కిన మధ్యవర్తులు కూడా ఎవరికి వారు తమను తప్పించుకుని చదువుకుని, వరుసగా వస్తున్నారు.

పాఠాంతరం

దసరా ముందు మధ్యవర్తి శాసనాన్ని సవరించాడు. ‘అమ్మబడును’ పోయి ‘అర్జెంట్ సేల్’ వచ్చింది. ఈ పాఠం నాకు సమ్మతం కాదు. అర్జెంటు ఎవరికో అందులో లేదు. తద్ధర్మం పోవడం కూడా నాకు నచ్చలేదు. కానీ దాని ఫలం వెంటనే కనిపించింది. ఒకాయన ఒంటరిగా, దిక్సూచి లేకుండా వచ్చాడు. వీధి గుమ్మంలోంచి పెరటిదాకా ఒకసారి నడిచాడు. అరుగు మీద కూర్చుని, నన్ను ఏమీ అడగకుండా, గజం ఇంత అని అంకె చెప్పాడు.

అంకె! మనసులో లెక్క వేసుకున్నాను. రిజిస్ట్రారాఫీసు విలువలో సగం ఉంది. ఆ లెక్కన అమ్మితే వచ్చిన డబ్బుకీ రాని డబ్బుకీ కలిపి పన్ను కట్టి, చెల్లెళ్ళకు వాటాలిచ్చాక నాకు మిగిలేది ద్వారబంధాల ఖరీదు. అయినా అంత సూటిగా మాట్లాడిన మనిషి మళ్ళీ దొరకడని, ఎదురింటి పిన్నిగారి చేత ఆయనకు రెండో కాఫీ కూడా పెట్టించాను.

ఇంట్లో అడిగి చెబుతానని పంపించాను.